కర్పూరం లేని నీళ్ళు

పెళ్ళినాడు మహమూదా తల వంచుకుని వెక్కుతుంటే, పుట్టిల్లు వదిలిపోతున్న పిల్ల కదా, ఏడవక ఏం చేస్తుందిలే అనుకున్నారందరూ. ముఖం నిండా మల్లెపూల సెహరా వేలాడుతోంది. మెడకూ మణికట్లకూ అత్తరు పూశారు. పక్కనే నిప్పుల మీద సాంబ్రాణి. ఆ పూల తెర వెనక పిల్లకు ఊపిరి ఆడడం లేదన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఇష్టమేనా అని పెద్దలు మూడుసార్లు అడిగితే మూడుసార్లూ తల ఊపిందే గాని నోరు విప్పలేదు. విప్పితే దగ్గు. ఆహా, ఎంత అణకువ గల పిల్ల అని మెచ్చుకున్నారు. మన జనం మెచ్చుకోవడం మొదలుపెడితే ఎదుటి మనిషి చచ్చేదాకా ఆపరు.

అది 1941 వేసవి. వెల్దుర్తి దగ్గర మెట్టపొలం చేసుకునే బీద రైతు కూతురు మహమూదా. అప్పటికి పదిహేడేళ్ళు. ఆ ఇంట్లో వాసన అంటే ఎండిన జొన్నచొప్పది, వానకు తడిసిన మట్టిది, తలకు రాసుకునే ఆముదానిది. అత్తరు కొనే తాహతు వాళ్ళకు ఎక్కడిది? ఒకటి రెండుసార్లు దర్గా ఉరుసులో దగ్గొస్తే దుమ్ములే అని సరిపెట్టుకుంది. తన ఒంట్లో ఇలాంటి జబ్బు ఒకటి తిష్ట వేసుకుని ఉందని ఆమెకే తెలియదు. బీదరికం ఆమెను పదిహేడేళ్ళు కాపాడింది, పెళ్ళి వచ్చి పట్టిచ్చింది. మాచర్ల దాకా ఎడ్లబండి, అక్కణ్ణుంచి బస్సు. బస్సులో సెహరా తీసేసి కిటికీ పక్కన కూర్చోబెట్టాక, ఎదురుగాలి తగిలి, నరసరావుపేట చేరేసరికి మామూలు మనిషయింది.

పెళ్ళికొడుకు జాన్ సాహెబ్ పేటలో దర్జీ. ఎప్పుడూ నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేయడం వల్లనో ఏమో, మాట తక్కువ. ఇంట్లో పెత్తనమంతా అతని తల్లి మెహరున్నీసాది. యాభై దాటిన మనిషి, భర్త పోయి చాన్నాళ్ళయింది, గొంతు పెద్దది. ఆ చుట్టుపక్కల సాయిబుల ఇళ్ళల్లో ఏ ఆడమనిషి కన్నుమూసినా కబురు ముందు ఆమెకే వచ్చేది. చివరి స్నానం, వాళ్ళ మాటలో గుసుల్, ఆమె చేయించాలి. రేగాకులు వేసి కాచిన నీళ్ళు రెండు విడతలు, కర్పూరం కలిపిన నీళ్ళు మూడో విడత. ఒళ్ళు తుడిచాక నుదుటికీ అరచేతులకూ మోకాళ్ళకూ పాదాలకూ కర్పూరం, చివర చుట్టబెట్టే కఫన్ గుడ్డకు అత్తరు. అన్నిటికంటే ముందు స్నానం చేయించే బల్లకు సాంబ్రాణి పొగ. పోయినవాళ్ళు అల్లా దగ్గరికి మంచి వాసనతో వెళ్ళాలని ఆమె పట్టుదల. ఆమె పెట్టిన ఆనవాయితీ ఇంకొకటి కూడా ఉంది. మొదటి చెంబు నీళ్ళు ఏ చెయ్యి పోసిందో ఆ చెయ్యే కఫన్‌కు చివరి ముడి వెయ్యాలి, మధ్యలో వదిలి వెళ్ళకూడదు. కూతురున్న తల్లికయితే కూతురి చేతనే మొదలుపెట్టించేది. మెహరున్నీసాకు మాత్రం కూతుళ్ళు లేరు, ఉన్నది ఈ ఒక్క కొడుకే.

ప్రతి గురువారం సందెవేళ నిప్పుల మీద సాంబ్రాణి వేసి పోయినవాళ్ళ పేరున ఫాతిహా చదవడం ఆ ఇంటి అలవాటు. ఆ పొగను వాళ్ళు ఊదు అంటారు. కాపురానికి వచ్చిన మొదటి గురువారమే మహమూదా ఆ పొగకు ఇంట్లోంచి బయటికి పరిగెత్తింది. రెండో గురువారమూ అంతే. మూడో గురువారం గుమ్మం దాటేలోపే కూలబడి, గొంతులో పిల్లి కూతలు కూస్తూ, అరగంట సేపు గాలి కోసం కొట్టుకుంది. మిగతా రోజుల్లో చెంగుచెంగున నీళ్ళు మోసుకొచ్చే పిల్ల.

మెహరున్నీసా తెలివితక్కువ మనిషి కాదు. లెక్క వేసింది. శనివారం బాగుంది, ఆదివారం బాగుంది, సోమవారం రోట్లో పిండి దంచింది. గురువారం ఊదు వెయ్యగానే పారిపోతోంది. ఊదంటే గిట్టనిది ఎవరికి? సైతానుకు. ఊదు పడితే పారిపోయేది ఎవరు? సైతానే. అంటే ఈ పిల్ల ఒంట్లో ఎవరున్నట్టు? లెక్కలో ఎక్కడా పొరపాటు లేదు, జవాబు ఒక్కటే తప్పు. వెనకింట్లో ఉండే షంషాద్‌ను పిలిచి చెబితే ఆమె కూడా వేళ్ళు మడిచి లెక్క చూసి అవునంది. షంషాద్ గుసుల్ పనిలో మెహరున్నీసాకు రెండో చెయ్యి. సొంత అక్కను పిలిచినట్టు ఆపా, ఆపా అంటూ వెనకే తిరిగేది, ఆపా మాటంటే రాతి మీద రాసినట్టే.

ఒక శుక్రవారం మధ్యాహ్నం మంత్రం వేసే మనిషి వచ్చాడు. కిటికీలు మూయించాడు. నిప్పుల కుంపటి ముందు మహమూదాను కూర్చోబెట్టి తల మీంచి దుప్పటి కప్పాడు. గుప్పెళ్ళకు గుప్పెళ్ళు సాంబ్రాణి పోశాడు. పిల్ల లేవకుండా షంషాద్ భుజాలు అదిమి పట్టుకుంది.

"అత్తా, గాలి," అంది మహమూదా దుప్పటి లోపల్నుంచి. "అత్తా, కాస్త గాలి."

"అది బతిమాలుకుంటంది. వదలబాకండి," అన్నాడాయన.

షంషాద్ ఇంకా గట్టిగా అదిమింది. కాసేపటికి లోపల్నుంచి మాట ఆగిపోయింది. దుప్పటి కిందనుంచి ఒక చెయ్యి బయటికి వచ్చి నేల మీద పడింది. మెహరున్నీసా ఆ చేతి గోళ్ళు చూసింది. ఏళ్ళ తరబడి చచ్చినవాళ్ళ గోళ్ళు కడిగిన మనిషికి ఆ నీలం రంగు ఇంకొకరు చెప్పాలా? దుప్పటి లాగేసింది. పెదవులదీ అదే రంగు.

"ఇది సైతాను పోడం కాదు. పిల్ల పోతంది," అంది.

ఆ మాట అంటూనే వట్టి కాలితో కుంపటిని తన్నింది. నిప్పులు పాదం మీద పడ్డా చూసుకోలేదు. కోడల్ని చంకల కింద చేతులేసి పెరట్లోకి ఈడ్చుకుపోయి, గోడకు చేరగిలేసి, కొంగుతో విసురుతూ కూర్చుంది. పనిని సగంలో చెడగొట్టావు, ఇక ఆ సైతాను మీ ఇల్లు వదలదు అన్నాడు మంత్రగాడు కోపంగా. "ఉండనీ. నా ఇంట్లోనే ఉంటది గదా, నీకేంది? నువ్వు పో," అంది మెహరున్నీసా వెనక్కి తిరగకుండానే.

మర్నాడు డాక్టర్ నాగభూషణరావు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన వీపు మీద గొట్టం పెట్టి విని, ఇది ఉబ్బసం, అందులోనూ వాసనల వల్ల వచ్చే రకం, ఘాటైన వాసన తగిలితే లోపలి గొట్టాలు మూసుకుపోతాయి అన్నాడు. మాత్రలు రాసిచ్చాడు గాని, "వాసనలు దూరం పెట్టమ్మా, అదే అసలు మందు," అని మెహరున్నీసాతో చెప్పాడు. ఆమె బొబ్బలెక్కిన పాదం ఈడ్చుకుంటూ ఇంటికొచ్చి, నిప్పుల కుంపటినీ, సాంబ్రాణి డబ్బానూ, తన అత్తరు బుడ్లనూ ఒక గంపలో వేసి షంషాద్ ఇంట్లో ఇచ్చేసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఊదు పడలేదు. ఊదు లేని ఇల్లు ఇల్లేనా అని వీధిలో అన్నవాళ్ళకు, మీ ఇళ్ళల్లో రెట్టింపు వేసుకోండి అని సమాధానం చెప్పింది.

వాసనలు దూరం పెట్టమనడం తేలిక. పేటలో వాసన లేని చోటు చూపించమనండి. మనిషికి సంతోషం కలిగితే మొట్టమొదట చేసే పని ఏదో ఒక వాసన పూసుకోవడం. పెళ్ళికి అత్తరు, పురిటికి సాంబ్రాణి, పండక్కి పన్నీరు, ఊరెళ్ళినా ఊరినుంచి వచ్చినా తలలో పూలు. మహమూదా ప్రతి సంతోషానికీ ఇరవై గజాల దూరంలో నిలబడాలి. షంషాద్ కూతురి పెళ్ళిలో సందు మొదట్లో అరుగు మీద కూర్చుంది. పాపం, మర్చిపోకుండా అక్కడికే పళ్ళెంలో అన్నం పంపించారు. పళ్ళెం పట్టుకొచ్చిన చేతికి అత్తరుంది. ముద్ద తినకుండానే లేచి ఇంటికి వచ్చేసింది. ఆ జాన్ సాహెబ్ పెళ్ళానికి ఎంత పొగరో అన్నారు. ఏమని చెప్పుకుంటుంది? కాలు విరిగితే కట్టు కనిపిస్తుంది, కళ్ళు పోతే చేతికర్ర కనిపిస్తుంది, ఈ జబ్బు నాకు ఉంది అని చూపించడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. మీ మంచితనమే నాకు పడదు అన్నట్టు ఉంటుంది వినేవాళ్ళకు.

ఆమె గాలిని చదవడం నేర్చుకుంది. జాన్ సాహెబ్ కత్తిరింపుల్లో మిగిలిన సన్నని గుడ్డపేలిక ఒకటి పెరట్లో కర్రకు కట్టాడు. అది ఎటు ఊగితే గాలి అటు పోతున్నట్టు. దాన్ని చూసి ఏ సందులోంచి బజారుకు వెళ్ళాలో తేల్చుకునేది. ఎడంపక్క ఇంటి పోలమ్మ మొగుడు క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. పోలమ్మకు కొప్పులో పూలు లేకుండా పూట గడవదు. కబుర్లకు వచ్చేముందు ఆ పూలు తీసి తన గుమ్మానికి తగిలించి, "పూలు తీసొచ్చాలేవే, తలుపు తియ్యి," అని గోడవతల్నుంచే కేకేసేది. అలాంటి మనుషులు వీధికి ఒకరు దొరికినా బతకొచ్చు.

మొదటి ఏడాదంతా మహమూదాకు అత్తంటే భయం. భయంలో కోపం కూడా ఉంది. ఆ దుప్పటి కిందకు తనను తోసింది ఆమే కదా. తీసింది కూడా ఆమే అన్నది మనసుకు ఎక్కడానికి టైము పట్టింది. మెహరున్నీసా గుసుల్ పని మానలేదు, మానితే వీధిలో ఆడవాళ్ళకు దిక్కెవరు? అయితే పని అయ్యాక ఇంట్లోకి నేరుగా వచ్చేది కాదు. పెరటి దారిన వచ్చి, గొడ్ల పాక వెనక తడిక చాటున, తల మీంచి పది చెంబులు చన్నీళ్ళు పోసుకుని, చీర అక్కడే పిండి, వేరే చీర కట్టుకుని అప్పుడు గుమ్మం ఎక్కేది. చలికాలం కూడా. వానలో కూడా. జ్వరం వచ్చిన రోజు కూడా. వచ్చాక కూడా కోడలికి రెండు బారల దూరంలో కూర్చుని, "వాసనేమన్నా వస్తందా?" అని అడిగేది.

డిసెంబరులో ఒక పొద్దున మహమూదా కిటికీలోంచి చూసింది. అత్త తడిక వెనక పళ్ళు టకటకలాడిస్తూ నీళ్ళు పోసుకుంటోంది. చూసి చూసి వంటింట్లోకి వెళ్ళి డేగిసాతో నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. కాగాక తీసుకెళ్ళి తడిక ఇవతల దించి, "అత్తా, వేణ్ణీళ్ళు," అని చెప్పి వచ్చేసింది. ఆ రోజునుంచి వాళ్ళిద్దరి మధ్య కోపం అన్నది లేదు. మహమూదాకు పిల్లలు కలగలేదు. దాని గురించి మెహరున్నీసా ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు.

తర్వాత యుద్ధం బాగా ముదిరింది. కిరసనాయిలు కరువు, గుడ్డ కరువు, కఫన్ గుడ్డకు కూడా చీటీ రాయించుకుని క్యూలో నిలబడాల్సి వచ్చింది. కర్పూరం బజార్లో కనబడ్డం మానేసింది, అత్తరు ఉన్నవాళ్ళు దాచుకున్నారు. ఊరంతా తిట్టుకుంటుంటే మహమూదా హాయిగా ఊపిరి పీల్చుకుంది. యుద్ధం ఎప్పుడైపోతుందో అని షంషాద్ వాపోతే, ఏమో అక్కా అని ఊరుకునేది గాని, లోలోపల ఇంకాస్త సాగినా నాకేం ఫర్వాలేదు అనుకునేది. పాపపు ఆలోచనే. అయినా పదిమంది మధ్య కూర్చుని అన్నం తిన్నది ఆ మూడు నాలుగేళ్ళే.

సాయంత్రాలు మెహరున్నీసా తాను ఆ రోజు ఎవరికి స్నానం చేయించిందో, కుడిపక్క ఎట్లా మొదలుపెట్టిందో, పొట్ట మీద చెయ్యి ఎంత మెత్తగా వెయ్యాలో వివరంగా చెప్పేది. దిండును బల్ల మీద పడుకోబెట్టి చూపించేది. మహమూదాకు అంతా వచ్చేసింది, చేసే వీల్లేదు గాని. ఏ శుభంలోనూ ఏ అశుభంలోనూ తనకు చోటు లేదు. దానికి ఆమె అలవాటు పడిపోయింది. ఒక్క కోరిక మాత్రం మనసులో గట్టిగా పెట్టుకుంది. అత్త పోయిననాడు ఆ నీళ్ళు తన చేత్తో పొయ్యాలి. కూతురు పోసే నీళ్ళు అవి. మొదటి చెంబునుంచి చివరి ముడిదాకా తనే ఉండాలి. అది ఎట్లా కుదురుతుందో ఆమెకు తెలియదు, ఎవరికీ చెప్పనూ లేదు.

1949 సంక్రాంతి వెళ్ళాక మెహరున్నీసా మంచం పట్టింది. కాళ్ళకు నీరు పట్టి, అది పైకి పాకింది. తన సంగతి తనకు తెలుసు, ఎన్ని ఒళ్ళు చూసిన మనిషి. ఒక మధ్యాహ్నం కొడుకునూ, కోడల్నీ, షంషాద్‌నూ మంచం దగ్గరికి పిలిచింది.

"నాకు కర్పూరం వద్దు. ఊదొద్దు, అత్తరొద్దు. ఉత్త రేగాకు నీళ్ళు చాలు. మహమూదా పోస్తది. అదే మొదలెడతది, అదే ముడేస్తది," అంది.

మహమూదా తలెత్తి చూసింది. తాను ఎవరికీ చెప్పని మాట ఆమెకు ఎట్లా తెలిసింది?

"ఏంది ఆపా ఆ మాటలు," అంది షంషాద్. "ఈ వీధిలో నువ్వు వాసన పెట్టి పంపని ఆడది ఉందా? నిన్ను ఒట్టిగా పంపి, రేపు నేను అన్నం ఎట్టా తినేది?"

"యుద్ధంలో కర్పూరం యాడుందే? ఎంతమందిని రేగాకు నీళ్ళతోనే పంపలా? వాళ్ళెవరన్నా తిరిగొచ్చి నిన్నడిగారా?"

"అప్పుడు లేదు. ఇప్పుడుంది గదా."

మసీదు ఇమాం అబ్దుల్ మజీద్ గారిని అడిగారు. ఆయన నెమ్మది మనిషి. కర్పూరం పెట్టడం మంచిదే, ఉంటే పెట్టాలి, పెట్టకపోయినా గుసుల్ చెల్లుతుంది అన్నాడు. మంచిదేనన్నారుగా అని షంషాద్, చెల్లుతుందన్నారుగా అని మెహరున్నీసా. ఆయన మాటతో ఇద్దరూ గెలిచారు. జాన్ సాహెబ్ లేచి దుకాణానికి వెళ్ళిపోయాడు.

ఆ పూట మహమూదాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అత్త పోతోందని దుఃఖం ఒకపక్క, తన కోరిక తీరుతోందని సంతోషం ఒకపక్క. ఆ సంతోషానికి సిగ్గు కూడా వేసింది, కాని సంతోషం పోలేదు.

నాలుగైదు రోజుల తర్వాత, పొద్దున గంజి తాగిస్తుండగా, మెహరున్నీసా మగతలో ఎడమ మణికట్టును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకోవడం కనబడింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ.

"ఏంది అత్తా, ఏం చూసుకుంటన్నావు?"

మెహరున్నీసా కళ్ళు తెరిచి చెయ్యి దించేసింది. దొంగతనం బయటపడ్డట్టు నవ్వింది.

"మొగలి అత్తరు. మీ మామ తెచ్చేవాడు. పెళ్ళయిన కాణ్ణుంచి ఈడే పూసుకునేదాన్ని. ఎనిమిదేళ్ళాయె గదా. ఎట్టుండేదో గుర్తు తెచ్చుకుందామంటే రావట్లా."

మహమూదా గంజి గిన్నె కింద పెట్టింది. ఈ ఎనిమిదేళ్ళలో అత్త చన్నీళ్ళు పోసుకోవడం చూసింది, ఊదు మానడం చూసింది. ఈ మణికట్టు సంగతి ఎన్నడూ ఆలోచించలేదు. తనకు ఊపిరి దక్కడానికి ఆ మనిషి మొగుడి జ్ఞాపకాన్ని కూడా కడిగేసుకుంది.

మర్నాడు మధ్యాహ్నం దుకాణానికి భోజనం తీసుకెళ్ళింది. జాన్ సాహెబ్ మిషను పక్కన గిన్నె పెడుతుంటే గొంతులో గరగర మొదలైంది. తన ఛాతీ చెప్పే మాట ఆమెకు తెలుసు. రెండడుగులు వెనక్కి వేసి, "ఆ సొరుగులో ఏముంది?" అని అడిగింది.

అతను నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చాడు. "కర్పూరం. మొగలి అత్తరు. అమ్మకని తెచ్చా, మంచాన పడ్డప్పుడే. వద్దందిగా. పారెయ్యబుద్ధి కాలా."

"ఉంచండి," అని వచ్చేసింది మహమూదా.

ఫిబ్రవరి మొదట్లో, పొద్దున తొమ్మిది గంటలప్పుడు, మెహరున్నీసా కన్నుమూసింది. చెయ్యి మహమూదా చేతిలోనే ఉంది. ఏడవడానికి కూడా ఎక్కువ సేపు లేదు, మధ్యాహ్నం నమాజుకు పాడె, వాళ్ళ మాటలో జనాజా, లేవాలి. పెరట్లో నాలుగుపక్కలా దుప్పట్లు కట్టారు. బల్ల వేశారు, పొగ వెయ్యలేదు. షంషాద్ వచ్చింది. ఉతికిన పాత చీర, తడి జుట్టు, ఒంటి మీద ఏ వాసనా లేదు.

"స్నానం చేసే వచ్చాలే. నా వంక చూస్తావేంది, నీళ్ళు తీసుకురా," అంది కళ్ళు తుడుచుకుంటూ.

మొదటి చెంబు మహమూదా పోసింది. కుడిపక్క, తర్వాత ఎడమపక్క. ఇన్నాళ్ళూ దిండు మీద నేర్చుకున్న పని చేతులకు అదంతటదే వచ్చింది. ఎక్కడ గట్టిగా తుడవాలో ఎక్కడ చెయ్యి తేలిక చెయ్యాలో షంషాద్ చెప్పాల్సిన పని లేకపోయింది. పాదం కడుగుతున్నప్పుడు పాత కాలిన మచ్చ చేతికి తగిలి, కాసేపు నీళ్ళు పొయ్యడం ఆపి, మళ్ళీ పోసింది. మూడు విడతలూ రేగాకు నీళ్ళే. ఆకు వాసన తప్ప ఇంకేం లేదు, ఆమె ఊపిరి సాఫీగా ఆడుతోంది. కాపురానికి వచ్చాక ఒక కార్యంలో నడిమధ్యన నిలబడింది అదే మొదలు.

ఒళ్ళు తుడిచారు. కఫన్ పరిచారు. షంషాద్ గుడ్డ అంచు పట్టుకుని ఆమె కోసం చూస్తోంది.

"అక్కా," అంది మహమూదా. "ఇక నువ్వు కానియ్యి. ముడి కూడా నువ్వే వెయ్యి. ఆయన దగ్గర కర్పూరం ఉంది, మొగలి అత్తరుంది. అడిగి తీసుకో. కర్పూరం పెట్టాల్సిన చోట్లన్నీ పెట్టు. అత్తరు ఎడమ మణికట్టుకు ముందు పెట్టు."

షంషాద్ గుడ్డ అంచు కింద పెట్టింది. "ఆపా వద్దంది గదా. మొదలెట్టిన చెయ్యే ముడెయ్యాలంది గదా. ఆమె మాట కాదంటావా?"

"నా కోసం వద్దంది. తన కోసం ఎన్నడూ ఏదీ అడగలా. ఈ ఒక్కమాట కాదంటా."

"మరి నువ్వు? జనాజా కాడ మొకం చూడొద్దా? అత్తరు పెట్టాక నువ్వు దగ్గరికి రాలేవు."

"ఇప్పుడే చూసుకుంటా."

వంగి చూసుకుంది. తడి ఆరని నుదురు, కళ్ళ కింద మడతలు, పెద్ద గొంతుకు తగ్గ పెద్ద నోరు. ఇన్నేళ్ళూ రెండు బారల దూరంలో కూర్చున్న మనిషి. ఆ చెంపకు తన చెంప ఆనించి, ఊపిరి నిండా పీల్చుకుంది. షంషాద్ అటు తిరిగి నిలబడింది. ఎంతసేపయినా తొందర పెట్టలేదు. మహమూదా భుజాలు అదిరేలా ఏడ్చి, లేచి, పెరటి దారిన పోలమ్మ ఇంట్లోకి వెళ్ళిపోయింది.

పోలమ్మ ఆ రోజు పూలు పెట్టుకోలేదు. కోడలు చివరిదాకా ఉండకుండా వెళ్ళిపోయిందేంది అని వీధిలో ఆడవాళ్ళు గుసగుసలాడుతుంటే, పోలమ్మ గోడ మీంచి వాళ్ళను నాలుగు దులిపింది. మహమూదా ఏమీ పట్టించుకోలేదు. వీధి వైపు గోడ దగ్గర నిలబడి చూస్తోంది. గాలి అవతలి వైపుకు పోతోంది, ఇక్కడికి ఏమీ రాదు.

జనాజా లేచింది. కలిమా చదువుతూ మగవాళ్ళు భుజాలు మార్చుకుంటున్నారు. ముందు జాన్ సాహెబ్ ఉన్నాడు. పోలమ్మ ఇంటి ముందుకు వచ్చేసరికి గాలి తిరిగింది. ముందు గొంతులో గరగర. అది కర్పూరం. దాని వెనకే తియ్యగా, ఘాటుగా, ఛాతీని పిడికిట్లో పెట్టి నొక్కినట్టు ఇంకొకటి. మహమూదా గోడను పట్టుకుంది.

"దగ్గొస్తంది గదే. లోపలికి రా, తలుపేస్తా," అని పోలమ్మ చెయ్యి పట్టి లాగింది.

"ఉండక్కా," అంది మహమూదా ఎగపోస్తూనే. "మొగలి. బాగా పెట్టారు."

కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. జనాజా మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆమె ఆ గోడ దగ్గరే దగ్గుతూ నిలబడింది.